పాళెం గోడ మీద వాతావరణం: అనూరాధ కార్తెలో ఒక వారం

పని ఏమిటంటే, వాకాడు వైపు సముద్రం ఒడ్డున ఉన్న మా పాళెంలో వాన, గాలి, గాలి ఒత్తిడి, అల, ఈ నాలుగింటినీ రోజూ ఒకే వేళకు చూసి చేపల వేటకు పోయేవాళ్లు నడిచే దారిలో గోడ మీద పెట్టడం. స్టేషన్ అనేంత పెద్ద పేరు దీనికి అక్కర్లేదు. నేను తిరుపతిలో ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు రిపేరు చేసుకునే మనిషిని. దుకాణంలో బేరాల్లేని మధ్యాహ్నాల్లో ఈ సెన్సర్ల పిచ్చి పట్టుకుంది. షాపు తమ్ముడికి అప్పజెప్పి వారం పాటు ఊరికి వచ్చాను.

2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు శేషాచలం కొండలూ పులికాట్ ఒడ్డూ ఒకే జిల్లాలోకి వచ్చాయి. కొండకూ మాకూ మధ్య వంద కిలోమీటర్ల పైమాటే. టీవీలో ‘తిరుపతి జిల్లాకు ఆరెంజ్ అలర్ట్’ అంటే ఆ వాన అలిపిరిలో పడుతుందో మా ఇసకలో పడుతుందో మాకెలా తెలియాలి? వాతావరణ శాఖను తప్పు పట్టడం కాదు. వాన మబ్బుల్ని దూరం నుంచే పసిగట్టే డాప్లర్ రాడార్ శ్రీహరికోటలో మా పక్కనే తిరుగుతోంది. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు అలల హెచ్చరికలూ, చేపలు దొరికే చోట్లూ ఫోన్లకు పంపుతూనే ఉన్నారు. పైనుంచి రావలసింది వస్తోంది. దాన్ని సరిచూసుకోవడానికి మా దగ్గరే ఏ కొలతా లేదు. ‘బాగా పడిందిలే’, ‘అంత లేదులే’, ఇంతే మా లెక్క.

ఆదివారం

ముందు వాన. నాలుగంగుళాల డ్రైనేజీ పీవీసీ పైపు అడుగున్నర ముక్క, కింద మూత, పైన లోపలికి దిగేలా గరాటు, గరాటు కింద లీటరు బాటిల్. అన్నీ హార్డ్‌వేర్ షాపు సరుకే. నాలుగంగుళాలని పేరే గానీ ఈ పైపు బయటి కొలత 110 మిల్లీమీటర్లు. లోపలి కొలత గోడ మందాన్ని బట్టి మారుతుంది, మన లెక్కకు కావలసింది అదే. నా ముక్క లోపల 10.4 సెంటీమీటర్లు. అంటే నోటి వైశాల్యం దాదాపు 85 చదరపు సెంటీమీటర్లు. బాటిల్లో 8.5 ఎం.ఎల్. నీళ్లు చేరితే ఒక మిల్లీమీటరు వాన పడినట్టు. సూది లేని 60 ఎం.ఎల్. సిరంజితో పీల్చి చూసుకోవచ్చు. మందుల షాపులో దొరుకుతుంది, గీతలు కూడా చెరిగిపోవు.

పైపు అంచు మందంగా ఉంటే దాని మీద పడిన చినుకు లోపలికి పోవాలో బయటికి పోవాలో తేలదు. అందుకని బయటి వైపు నుంచి ఆకురాయితో వాలుగా అరగదీసి అంచును పలచన చేశాను. ఈ పనికే మధ్యాహ్నం అంతా పట్టింది. ఇది చూసి మా పెదనాయన, ‘ఏందబ్బయ్యా, పైపుకు గడ్డం గీస్తా ఉండావా’ అన్నాడు.

ఎక్కడ పాతాలన్నది ఇంకో తంటా. మన దేశంలో వాతావరణ శాఖ గొట్టం నోరు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. చెట్టో గోడో దగ్గర్లో ఉంటే దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో పెట్టాలి. మాకు సరుగుడు తోపు అడ్డం. పది మీటర్ల చెట్లు కాబట్టి ఇరవై మీటర్లు వదిలేయాలి. అంత దూరం వదిలితే మేకలు కట్టేసే చోటుకు వచ్చేశాం. చివరికి తుఫాను షెల్టర్ వెనక ఖాళీ దొరికింది. ఇసక మీద పడిన చినుకు ఎగిరి గొట్టంలోకి చిందకుండా చుట్టూ పాత వల మడతలు పరిచాం, మేకలకు అడ్డంగా ఇంకో వల కట్టాం. మా ఊళ్లో వలకు మాత్రం కరువు లేదు.

వేళ ఉదయం ఎనిమిదిన్నర. దేశమంతా వాన లెక్క ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకానే. రాత్రి పడిన వాన తెల్లారిన తేదీ కింద రాస్తారు. ఇది ముందే అందరికీ చెప్పుకోకపోతే పేపర్లో అంకెకూ మా గోడ మీద అంకెకూ ఎప్పటికీ పొత్తు కుదరదు. రీడింగు బాధ్యత మా అన్న కూతురిది. తొమ్మిదో తరగతి, చేతిరాత ముత్యాలు. బడికి బయల్దేరే ముందు చూసి రాస్తానంది.

సోమవారం

గాలి ఒత్తిడికి బీఎంపీ280 అనే సెన్సర్, దాని అంకెలు చదివే ఈఎస్పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, చిన్న తెర, ఒక లిథియం సెల్లు. ఒత్తిడి ఇంటి లోపలా బయటా ఒకటే. తలుపులు మూసినా తేడా రాదు. కాబట్టి దీన్ని ఉప్పుగాలిలో పెట్టి పాడు చేసుకోవలసిన పని లేదు. అన్న ఇంట్లో దీపం గూటి పక్క గూట్లో పెట్టాను.

తిరుపతిలో షాపు బల్ల మీద ఇదే సెన్సర్ 993 మిల్లీబార్లు చూపించింది, గాలి ఒత్తిడికి కొలత అదే. ఇక్కడికి రాగానే 1012. పిల్లలు ‘మిషన్ చెడిపోయింది చిన్నాయనా’ అన్నారు. చెడిపోలేదు. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తు. ఎనిమిది మీటర్లు ఎక్కితే ఒక మిల్లీబారు చొప్పున తగ్గుతుంది, లెక్క సరిగ్గా కుదిరింది. సెన్సర్‌కు సొంతంగా ఒక మిల్లీబారు అటూ ఇటూ తేడా ఉంటుందని దాని కాగితంలోనే ఉంది. దాంతో మనకు ఇబ్బంది లేదు. మనకు కావలసింది ఎంత ఉందన్నది కాదు, నిన్నటి కన్నా ఎంత తగ్గిందన్నది.

ఇక్కడే అసలు చిక్కు. ఈ రోజు గంటగంటకూ చూసి రాశాం. పది గంటల వేళకు ఒత్తిడి బాగా పైకెళ్లింది. మధ్యాహ్నం నాలుగుకు మూడు మిల్లీబార్లకు పైగా పడిపోయింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. రాత్రి పదికి మళ్లీ ఎక్కింది. మన వైపు ఒత్తిడి రోజుకు రెండుసార్లు ఇలా ఎక్కి దిగుతుంది: ఉదయం పది, రాత్రి పది వేళల్లో ఎక్కువ, తెల్లవారుజాము నాలుగు, మధ్యాహ్నం నాలుగు వేళల్లో తక్కువ. సూర్యుడి వేడికి పై వాతావరణం అంతా కలిసి వేసే ఊపు ఇది. సంగతి తెలియని వాడు పొద్దున పది గంటల అంకెనూ సాయంత్రం నాలుగు గంటల అంకెనూ పక్కపక్కన పెట్టి చూశాడంటే రోజూ తుఫాను వస్తోందని ఊరిని లేపుతాడు.

అందుకని గోడ మీద ఒత్తిడి వరుసలో రెండే గడులు పెట్టాం: ‘ఈ రోజు ఎనిమిదిన్నర’, ‘నిన్న ఎనిమిదిన్నర’. మూడోది అక్కర్లేదు. ఓడల వాళ్లు పాటించే పాత లెక్క ఒకటుంది. ఆ వేళకు మామూలుగా ఉండాల్సిన దానికన్నా మూడు మిల్లీబార్లు తక్కువుంటే అనుమానించాలి, ఐదు తక్కువుంటే తుఫాను దగ్గర్లోనే ఉందనుకోవాలి. ఈ రెండు అంకెలూ ఎర్ర పెయింటుతో గడి పక్కనే రాశాం. ‘మామూలు’ కింద ప్రస్తుతానికి ఈ సోమవారం అంకెనే పట్టుకున్నాం.

రాత్రి గాలి దిక్కు పని. వెదురు గెడ చివర గుడ్డ పేలిక కట్టి, కింద దిక్కులు గీయాలి. ఫోన్‌లో దిక్సూచి బోటు ఇంజన్ల దగ్గర ఒకలా, షెల్టర్ ఇనుప మెట్ల దగ్గర ఇంకోలా తిరిగింది. పెదనాయన విసుక్కుని ధ్రువనక్షత్రం చూపించాడు. మా అక్షాంశం 14 డిగ్రీలు కాబట్టి అదీ నేలకు 14 డిగ్రీల ఎత్తులోనే, సరుగుడు కొనల మీదే ఉంటుంది. గెడకూ దానికీ సూటిగా తాడు పట్టి నేల మీద సున్నం గీత గీశాం. ఉత్తరం ఖరారు.

మంగళవారం

వాన లేదు, బాటిల్ పొడి. ఒత్తిడి 1011.4, నిన్నటికన్నా అర మిల్లీబారు పైచిలుకు తక్కువ. దీన్ని పట్టించుకోనక్కర్లేదు. గాలి కూడా నెమ్మది. ఇలాంటి రోజు డైరీలో రాయడానికి ఏముంటుందనుకున్నాను.

సాయంత్రం పెదనాయన ఒడ్డున నిలబడి, ‘అల బరువెక్కింది’ అన్నాడు. నాకు ఏ తేడా కనబడలేదు. ఆకాశం నీలంగా ఉంది, ఎత్తు కూడా పెద్దగా లేదు. ‘ఎత్తు కాదబ్బయ్యా చూడాల్సింది. ఎడం చూడు. గాలి లేకుండా ఎడంగా వస్తా ఉందంటే ఎక్కడో దూరాన సముద్రం కలబడతా ఉండాది.’

ఎడం అంటే ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య వ్యవధి, దాన్ని కొలవచ్చు కదా. అల విరగడం మొదలయ్యే చోటు ఒకటి గుర్తు పెట్టుకుని, ఒక శిఖరం అక్కడికి రాగానే ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి ‘సున్నా’ అనాలి. పదో శిఖరం దగ్గర ఆపి, వచ్చిన సెకన్లను పదితో భాగించాలి. మొదటి శిఖరాన్ని ‘ఒకటి’ అని మొదలుపెట్టకూడదు, లెక్క తప్పుతుంది. నిన్న సాయంత్రం పిల్లలతో సరదాకి కొలిస్తే ఏడు సెకన్లు వచ్చింది. ఈ రోజు పదకొండు.

దీని వెనక సంగతి పుస్తకాల్లో ఉన్నదే. దగ్గరి గాలికి లేచే అలలు పొట్టి, వెంట వెంట వస్తాయి. దూరాన పెద్ద గాలి లేపిన అలల్లో ఎడం ఎక్కువున్నవే ముందు ప్రయాణిస్తాయి. లోతు నీటిలో పదకొండు సెకన్ల అలల గుంపు గంటకు 30 కిలోమీటర్లకు పైన నడుస్తుంది. వాయుగుండం నడక మామూలుగా 10, 20 కిలోమీటర్లే. కాబట్టి మబ్బు కన్నా, గాలి కన్నా, మా గూట్లో మిషన్ కన్నా కబురు ముందు అలకే తెలుస్తుంది. పెదనాయన ఏళ్ల తరబడి చూస్తున్నది ఇదే. కొలతగా ఇప్పుడు గోడ ఎక్కింది. ‘అల ఎడం – 11’ అని రాయించి మురిసిపోయాడు.

ఈ ప్రాజెక్టులో ఖర్చు లేని భాగం ఇదొక్కటే. నా లెక్కలో అన్నిటికన్నా పనికొచ్చేదీ ఇదే.

బుధవారం

పొద్దున 3.4 మిల్లీమీటర్లు. వాతావరణ శాఖ లెక్కలో రెండున్నర మిల్లీమీటర్లు దాటితేనే ‘వాన పడిన రోజు’ కాబట్టి బొటాబొటిగా గట్టెక్కాం. ఒత్తిడి 1009.6. సోమవారం మీద చూస్తే రెండున్నర తక్కువ, ఎర్ర అంకెకు దగ్గరపడింది. గాలి ఈశాన్యం.

మధ్యాహ్నానికి టీవీలో వచ్చేసింది: నైరుతి బంగాళాఖాతంలో అల్పపీడనం బలపడి వాయుగుండంగా మారుతుందట, వేటకు వెళ్లొద్దట. బోట్లు ట్రాక్టరుతో పైకి లాగేశారు.

షెల్టర్ అరుగు మీద, ‘వాయుగుండమే కదా, తుఫాను కాదు కదా’ అని నలుగురైదుగురు తేలిగ్గా తీసుకున్నారు. దీని గురించి కాస్త గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది. ఈ పేర్లన్నీ గాలి వేగాన్ని బట్టి పెట్టినవి. సుడి చుట్టూ గాలి గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50 దాటితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుఫాను, 89 దాటితే తీవ్ర తుఫాను. వాన ఎంత పడుతుందో ఇందులో ఎక్కడా లేదు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున పుదుచ్చేరికీ చెన్నైకీ మధ్య తీరం దాటింది కూడా ఉత్త వాయుగుండమే. దానికి తిరుపతి వీధులు ఏరులైపోయాయి, ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింద ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ రోజు మా షాపులోకి మోకాలి లోతు నీళ్లు. అలాగని 2023 డిసెంబరులో వచ్చిన మిచౌంగ్ తీవ్ర తుఫాను. మా తీరం పక్కగా పైకి పాకి 5వ తేదీన బాపట్ల దగ్గర ఒడ్డెక్కింది. అది గాలీ వానా రెండూ తెచ్చింది. కాబట్టి పేరు విని భయం ఎంతో తేల్చుకోకూడదు. గాలికి ఒక వరుస, వానకు ఒక వరుస గోడ మీద విడివిడిగా పెట్టింది ఇందుకే.

గోడ గురించి రాయలేదు కదా. చాక్‌పీసు తడిసిన బోర్డు మీద పలకదు, మార్కరు ఈ తేమకు కారిపోతుంది. వాన పడే రోజే జనం బోర్డు చూస్తారు, ఆ రోజే రాత చెరిగిపోతే ఏం లాభం? అందుకని బస్సు స్టాపులో చిరిగి వేలాడుతున్న పాత ఫ్లెక్సీ తెచ్చి, అరచేతి వెడల్పు ముక్కలు కోసి, వెనక తెల్ల వైపున నల్ల ఆయిల్ పెయింటుతో అంకెలు వేశాం. షెల్టర్ చూరు కింద వరుసగా మేకులు కొట్టి, పొద్దున్నే అంకెలు మార్చి తగిలించడమే. తడిసినా ఏమీ కాదు, బోటు దగ్గర నుంచి కూడా కనబడతాయి. ఆ ఫ్లెక్సీ ఎవరిదో చెప్పను. గాలికి తిరగబడినప్పుడు ఎనిమిదో అంకె వెనక మీసం మాత్రం కనిపిస్తుంది.

గురువారం

38 మిల్లీమీటర్లు. ఒత్తిడి 1006.9. సోమవారం కన్నా ఐదు పైన పడిపోయింది. అన్న కూతురు ఆ రెండు అంకెలూ తగిలించి, ఎవరూ చెప్పకుండానే గడి చుట్టూ ఎర్ర రిబ్బను కట్టింది.

గాలి కొలిచే మిషన్ లేదు. ఆ తిరిగే కప్పులు ఉప్పుకు బిగుసుకుపోతాయి కాబట్టి కొనలేదు. చెట్లను చూసి వేగం చెప్పే పద్ధతి చాలు. దుమ్ము, కాగితాలు లేస్తే గంటకు 20 నుంచి 28 కిలోమీటర్లు. పెద్ద కొమ్మలు ఊగి, కరెంటు తీగలు ఈలేసి, గొడుగు పట్టుకోవడం కష్టమైతే 39 నుంచి 49. ఈ రోజు గొడుగులు తిరగబడ్డాయి.

పిల్లలకు ఒక ఆట నేర్పాను. గాలికి వీపు పెట్టి నిలబడండి, ఎడమ చెయ్యి చాపండి. అల్పపీడనం ఉండేది అటే. ఈశాన్య గాలికి వీపు పెడితే ఎడమ చెయ్యి ఆగ్నేయం చూపించింది. టీవీలో సుడి బొమ్మ కూడా అక్కడే ఉంది. 1857లో బైస్ బాలట్ అనే డచ్చి ఆయన చెప్పిన సూత్రం ఇది. భూమధ్యరేఖకు మరీ దగ్గర తప్పితే దానికి ఉత్తరాన పనిచేస్తుంది. సాయంత్రానికి షెల్టర్ ముందు వానలో అరడజను మంది చేతులు చాపుకుని నిలబడి ఉన్నారు, వాళ్లమ్మలు తిడుతూ లోపలికి లాక్కెళ్లారు.

శుక్రవారం

రాత్రంతా ఎడతెగని వాన. రేకుల మీద మోతకు మాట వినబడలేదు.

ఎనిమిదిన్నరకు గొట్టం తీస్తే గరాటు కింద బాటిల్ నిండి పొర్లింది. లీటరు బాటిల్ అంటే 117 మిల్లీమీటర్ల దాకానే. బాటిల్‌ను పైపు లోపల పెట్టడం ఇందుకే, పొర్లిన నీళ్లు పైపు అడుగున నిలబడతాయి తప్ప ఎక్కడికీ పోవు. బాటిల్ బయటికి తీసి, పైపులో నీళ్లు మగ్గులోకి ఒంచి, మొత్తం కలిపి కొలిచాం. గీతల మగ్గుతో లీటరు, మిగిలింది సిరంజితో. నేను గొడుగు పట్టాను, పాప సిరంజి పీల్చి పెద్దగా చెప్పింది, వాళ్ల నాన్న అట్టముక్క మీద రాశాడు. 1,080 ఎం.ఎల్. 8.5తో భాగిస్తే 127 మిల్లీమీటర్లు. వాతావరణ శాఖ భాషలో 64.5 దాటితే భారీ, 115.6 దాటితే అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ. మాది అతి భారీ. ఇన్నాళ్లూ మా నోటి లెక్కలో ఇదీ ‘బాగా పడిందిలే’ కిందికే వచ్చేది.

ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరు మీద లీటరు నీళ్లు. 50 చదరపు మీటర్ల మిద్దె మీద ఒక్క రాత్రిలో ఆరు వేల లీటర్ల పైన పడిందన్నమాట. ఎండాకాలంలో ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టే ఊరు ఇది. అన్న ఈ లెక్క విని మిద్దె గొట్టం కింద డ్రమ్ము పెట్టాడు, అప్పటికే వాన తగ్గుముఖం పట్టింది.

షాపుకు ఫోన్ చేస్తే తమ్ముడు, ‘ఇక్కడ ముసురే అన్నా, బండ్లు తిరుగుతానే ఉండాయి’ అన్నాడు. అదే జిల్లా, అదే అలర్ట్. అయితే మధ్యాహ్నం దాటాక కొండల మీద పట్టుకుందని మళ్లీ ఫోన్ వచ్చింది. మాకు అది కూడా మా వాతావరణమే. స్వర్ణముఖి చంద్రగిరి కొండల్లో పుట్టి, తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వచ్చి, వాకాడు బ్యారేజీ దాటి మా వైపే సముద్రంలో కలుస్తుంది. అక్కడ పడిన వాన తీరిగ్గా మా దగ్గరికి వస్తుంది. ఇక్కడ ఎండ కాస్తుండగా ఏట్లో ఎర్రనీళ్లు రావడం మా వాళ్లకు కొత్తేమీ కాదు. ఎంత వస్తుందో ముందు తెలిస్తే ఏటి ముఖం దగ్గర కట్టిన వలలైనా తీసుకోవచ్చు.

గుడ్డ పేలిక తూర్పు గాలి చూపిస్తోంది. ఎడమ చెయ్యి దక్షిణానికి తిరిగింది. సుడి మాకు కిందుగా పోతోంది.

శనివారం

18 మిల్లీమీటర్లు. ఒత్తిడి 1009. గాలి ఆగ్నేయం. ఎడమ చెయ్యి నైరుతికి వచ్చింది, అంటే సుడి ఒడ్డెక్కి లోపలికి పోయింది.

చెప్పలేదు కదా, గాలిలో తేమకు కూడా ఒక సెన్సర్ బయట పెట్టాను. అది చచ్చింది. నిన్నటి నుంచి వంద శాతం దగ్గరే నిలబడిపోయింది, హేర్ డ్రయ్యర్ పెట్టినా దిగలేదు. విప్పి చూస్తే సోల్డర్ చుక్కల చుట్టూ పచ్చటి చిలుము. ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు ‘సముద్ర తీరాలకు అనువైనది’ అని రాసుంది. ఇక్కడి ఉప్పుకు అది వారం కూడా తట్టుకోలేదు. గూట్లో ఉన్న ఒత్తిడి సెన్సర్‌కు ఏమీ కాలేదు. ఆ బోర్డుకు పైన గోళ్ల రంగు పూసి పెట్టాను. పారదర్శకమైనది రెండు పూతలు వేస్తే చాలు, సెన్సర్ మీది చిన్న రంధ్రం మాత్రం మూసుకుపోకూడదు.

సముద్రం ఇంకా కుదురుకోలేదు. అల ఎడం తొమ్మిది. గాలి తగ్గింది కదా పోదామని కుర్రాళ్లు తొందరపడ్డారు. ‘గోడ మీద తొమ్మిదుండాది, కనబళ్లేదా’ అని పెదనాయన గదిమాడు. తన మాటకు గోడను సాక్షిగా పిలవడం ఇదే మొదలు. హెచ్చరిక కూడా ఇంకా ఎత్తలేదనుకోండి.

ఆదివారం

బాటిల్ పొడి. ఒత్తిడి 1011.2. ఏట్లో మాత్రం ఎర్రనీళ్లు నిండుగా వస్తున్నాయి. ఒడ్డంతా తుంగ, కొబ్బరి మట్టలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. తెల్లవారుజామున హెచ్చరిక ఎత్తేయడంతో మూడు బోట్లు దిగాయి.

మిగిలిన పనులు ఇవి. తేమకు ఇక ఎలక్ట్రానిక్స్ వద్దు. రెండు మామూలు గాజు థర్మామీటర్లు తెచ్చి, ఒకదాని బల్బుకు తడి గుడ్డ చుట్టి, రెండింటి తేడా చూసే పాత పద్ధతే నయం. వాటికి తెల్ల ప్లాస్టిక్ పళ్లేలు బోర్లించి, ఒకదాని మీద ఒకటి ఎడంగా పేర్చి గూడు కట్టాలి. నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడేలా, ఎండ తగలకుండా. ఇంకో పీవీసీ గొట్టం తిరుపతిలో మా మేడ మీద పెడతాను. ఎనిమిదిన్నరకు నేను అంకె చెబితే పాప ఇక్కడ ‘ఎగువ వాన’ అని తగిలిస్తుంది. ఒక్క మేడ మీది అంకెతో ఏటి నీళ్లు చెప్పలేం గానీ, చంద్రగిరిలో ఒకరు, కాళహస్తిలో ఒకరు దొరికితే లెక్క కొంచెం నిలబడుతుంది. పైపు ముక్కలు నేనే కోసి పంపుతాను.

పెదనాయన ఇంకో వరుస అడుగుతున్నాడు. నీళ్లు ఎటు లాగుతున్నాయో కూడా పెట్టాలట. వల వేసేవాడికి గాలి కన్నా అదే ముఖ్యమట. సగం నీళ్లు నింపిన బాటిల్‌కు తాడు కట్టి బోటులోంచి వదిలి, తాడు ఎటు, ఎంత సేపట్లో బిగుస్తుందో చూద్దామని నేనంటే, పైన నీళ్లు ఒక వైపు, కింద నీళ్లు ఇంకో వైపు లాగే రోజులుంటాయి, అప్పుడేం రాస్తావని ఆయన అడిగాడు. ఐదో వరుసకు మేకులైతే కొట్టేశాం. రెండు బాటిళ్లు కట్టి ఒకదానికి రాయి వేలాడదీసి చూడాలి, వచ్చే నెల మళ్లీ వచ్చినప్పుడు.